టీ డబ్బులు: దొస్తయేవ్‌స్కీ తొలి పదేళ్లు



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు పెట్టిన షరతు ఒక్కటే. మాట్లాడేది ఆయనకు ఇష్టమైన రచయిత గురించి అయివుండాలి. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచవగ్గా దొరికిన కాలంలో చదువరులైన తరం మాస్టారిది. ఆ తరానికి గోర్కీ సొంత మనిషి, చేహోవ్ ఆప్తుడు, టాల్‌స్టాయ్ ఇంటి పెద్ద. దొస్తయేవ్‌స్కీ దగ్గరికొచ్చేసరికి చాలామందికి కాస్త జంకు. అంతా చీకటి, పైగా దేవుడి గొడవ, విప్లవకారుల మీద విసుర్లు. మాస్టారికి ఆ జంకు ఉండేది కాదు. కనుక ఈ సాయంత్రం దొస్తయేవ్‌స్కీని ఎంచుకున్నాను.

మొత్తం జీవితం జోలికి వెళ్లను. 1839 నుంచి 1849 దాకా ఒక్క పదేళ్లు చాలు. పదిహేడేళ్ల విద్యార్థిగా మొదలై ఇరవై ఎనిమిదేళ్ల ఖైదీగా ముగిసే పదేళ్లు అవి. కుర్రాడి గురించి మాట్లాడుతున్నాను కాబట్టి ‘ఆయన’ అనకుండా ‘అతను’ అంటాను, పెద్దలు మన్నించాలి. తేదీలు అప్పటి రష్యన్ క్యాలెండరువి. మన క్యాలెండరుకు పన్నెండు రోజులు కలుపుకోండి.

దొస్తయేవ్‌స్కీ పుస్తకం ఒక్కటీ తెరవనివాళ్లకు కూడా తెలిసిన కథ ఒకటుంది. 1849 డిసెంబరు 22, పీటర్స్‌బర్గ్‌లోని సెమ్యోనోవ్‌స్కీ మైదానం. మరణశిక్ష పడిన ఇరవై ఒక్కమందిని మంచులో నిలబెట్టారు. శిక్ష చదివి, తెల్ల అంగీలు తొడిగి, మొదటి ముగ్గుర్ని స్తంభాలకు కట్టారు. తుపాకులు ఎక్కుపెట్టారు. తర్వాతి వంతులో దొస్తయేవ్‌స్కీ ఉన్నాడు. అప్పుడు డప్పులు మోగాయి, చక్రవర్తి క్షమాభిక్ష పెట్టారన్నారు. నాటకం మొత్తాన్నీ ముందే వివరంగా రాసి పెట్టించినవాడు ఆ చక్రవర్తి మొదటి నికొలాయే. స్తంభానికి కట్టిన ముగ్గురిలో గ్రిగోర్యేవ్ అనే అతనికి మతి చెడింది.

ఈ కథకు ఉన్న బలం కాదనలేనిది. కానీ ఆ మైదానంలోకి వెళ్లినవాడు మామూలు రచయిత, బయటికొచ్చినవాడు మహా రచయిత అన్నట్టు చెప్పడం పరిపాటైంది. నేను ఒప్పుకోను. చావు ముఖం చూడటం వల్ల తెలిసింది అతనికి చాలానే ఉంది. అయితే అతని నవలల్లో మనల్ని కలవరపెట్టేది చావుభయం కంటే సిగ్గు. నలుగురిలో తలవంపులు. ఆ పాఠం నేర్పడానికి తుపాకులు అక్కర్లేకపోయింది, టీ సరిపోయింది.

కొంచెం వెనక్కి వెళ్తాను. ఫ్యోదర్ దొస్తయేవ్‌స్కీ 1821 అక్టోబరు 30న మాస్కోలో, బీదల కోసం కట్టిన మారీన్‌స్కీ ఆస్పత్రి ఆవరణలో పుట్టాడు. తండ్రి మిఖయీల్ అంద్రేయెవిచ్ అక్కడ వైద్యుడు. తల్లి మరీయా వర్తకుల ఇంటి ఆడపడుచు. డాక్టరు బిడ్డలంటే కలిగినవాళ్లనుకుంటాం. కానీ వాళ్ల క్వార్టర్సులో ముందుగదికి చెక్కల అడ్డం కట్టి, ఆ వెనకాల చీకటి మూలలో అన్నదమ్ములిద్దర్నీ పడుకోబెట్టేవారు. ఆస్పత్రి తోటలోకి వచ్చే రోగులతో మాట్లాడొద్దని తండ్రి ఆజ్ఞ. ఫ్యోదర్ మాట్లాడేవాడు. 1828లో తండ్రికి ఉద్యోగపు హోదాతో పాటు కులీన వర్గంలో చోటు దొరికింది. 1831లో తూలా ప్రాంతంలో దరవోయె అనే చిన్న ఎస్టేటు కొన్నాడు. మరుసటి ఏడాదే ఊరు తగలబడింది. పేరుకి జమీందారు, జేబులో దమ్మిడీ లేదు. ఇలాంటి ఇల్లు ఎలా ఉంటుందో మనలో కొందరికి విడమరిచి చెప్పక్కర్లేదు.

1837లో ఒక నెల తేడాతో పూష్కిన్ ద్వంద్వయుద్ధంలోనూ, తల్లి క్షయతోనూ పోయారు. ఇంట్లో మైల లేకపోయుంటే పూష్కిన్ కోసం నల్లబట్టలు కట్టుకోవడానికి నాన్నని అనుమతి అడిగేవాణ్ణని ఫ్యోదర్ పదే పదే అన్నాడని తమ్ముడు అంద్రేయ్ రాశాడు. ఆ వేసవిలోనే తండ్రి పెద్ద కొడుకులిద్దర్నీ ఇంజినీరింగ్ చదువు కోసం పీటర్స్‌బర్గ్ తీసుకెళ్లాడు. దారిలో మజిలీ దగ్గర ఫ్యోదర్ ఒకటి చూశాడు. సర్కారీ తపాలా దూత ఒకడు సత్రంలోకెళ్లి వోడ్కా తాగొచ్చి, బండెక్కి, ఏ కారణమూ లేకుండా బండివాడి మెడ మీద పిడికిలితో గుద్దడం మొదలెట్టాడు. దెబ్బ పడ్డప్పుడల్లా బండివాడు గుర్రాలకు కొరడా వేశాడు. పైవాడి దెబ్బ కిందవాడికి, కిందవాడి దెబ్బ నోరులేని గుర్రానికి, యంత్రంలా. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత, 1876లో, తన ‘రచయిత దినచర్య’లో దీన్ని నిన్నమొన్న చూసినట్టు రాశాడు.

1838 జనవరిలో ఇంజినీరింగ్ విద్యాలయంలో చేరాడు. అన్న మిఖయీల్‌ని ఆరోగ్యం బాగోలేదని తీసుకోలేదు. విద్యాలయం ఉన్నది మిఖైలోవ్‌స్కీ కోటలో, పావెల్ చక్రవర్తిని ఆయన పడకగదిలోనే చంపేసిన భవనమది. కోటల నిర్మాణం, లెక్కలు, కవాతు. మొదటి ఏడాదే పై తరగతికి పంపకుండా ఆపేశారు. తోటి విద్యార్థుల్లో చాలామంది డబ్బున్న ఇళ్లవాళ్లు.

ఇప్పుడు ఆ టీ సంగతి. 1839 మే నెలలో వేసవి క్యాంపుకి వెళ్లే ముందు తండ్రికి ఉత్తరం రాశాడు. డబ్బు కావాలి. ఎంత వినయంగా అడుగుతాడో, అంత కొరుకుతాడు. ఇక్కడ ప్రతివాడికీ సొంత టీ ఉంటుంది, నేనున్న సమాజం ఆనవాయితీ నేనూ పాటించక తప్పదు, తడి గుడారంలోకి వణుకుతూ వచ్చాక వేడి టీ లేకపోతే జబ్బు చేస్తుంది, అయినా సరే మీ ఇబ్బంది తెలుసు గనక నేను టీ తాగను అంటాడు. ఇలాంటి ఉత్తరం అందుకున్న తండ్రి ఏం చేయాలి? ఎస్టేటులో మే దాకా మంచు కరగలేదని, పశువులకు మేత లేక ఇళ్ల కప్పుల మీది గడ్డి పీకి వేశామని, ఆ తర్వాత చుక్క వాన లేదని జవాబు రాసి, చేతనైనంత పంపాడు. కొద్ది రోజులకే, జూన్‌లో, దరవోయె దగ్గర పొలంలో చనిపోయాడు. వైద్యులు మెదడు పోటుతో పోయాడని రాశారు, రైతులే చంపారని కుటుంబంలో చెప్పుకున్నారు. ఆ మరణం మీద ఫ్రాయిడ్ ఒక సిద్ధాంతమే కట్టాడు. నాకు మాత్రం ఆ సిద్ధాంతం కంటే టీ ఉత్తరం, పైకప్పు గడ్డి ఉత్తరం పక్కపక్కన పెట్టి చదవడమే ఎక్కువ చెబుతుంది. తన చివరి ఉత్తరంలో తండ్రిని డబ్బుకు నిలదీసిన కొడుకు అతను.

అదే క్యాంపులో, అలాంటి గుడారంలోనే ఉన్న మరో కుర్రాడు తర్వాత పెద్ద భూగోళ శాస్త్రవేత్త అయ్యాడు. తియాన్‌షాన్ పర్వతాల్ని శోధించి ఆ పేరు ఇంటిపేరులో కలుపుకున్న ప్యోతర్ సెమ్యోనోవ్. ఆయన తన జ్ఞాపకాల్లో, నాకూ సొంత టీ లేదు, రెండో జత బూట్లు లేవు, పెట్టె లేదు, హాయిగానే గడిపాను, దొస్తయేవ్‌స్కీకి కావలసింది అవసరానికి కాదు, తోటివాళ్లలో తీసిపోకుండా ఉండటానికి, అన్నట్టు రాశాడు. అందులో చిన్న మందలింపు ఉంది. తప్పు పట్టలేం. కానీ ఒకడు గమనించకుండా దాటేసినదాన్ని ఇంకొకడు జన్మలో మరిచిపోలేడు, నవలాకారుడయ్యేది ఆ రెండోవాడే.

1843లో చదువు ముగించి డ్రాయింగు విభాగంలో ఉద్యోగంలో చేరాడు. బంగాళాదుంపలా మొహం మొత్తిందని ఏడాదికే అన్నకు రాసి, 1844 అక్టోబరులో బయటపడ్డాడు. ఈలోగా చేసిన పని బాల్జాక్ ‘యూజెనీ గ్రాందే’ని రష్యన్‌లోకి అనువదించడం. అచ్చయిన మొదటి రచన అదే. డబ్బు గురించిన నవలతో మొదలుపెట్టాడన్నమాట, కాకతాళీయమే అయినా బాగుంది. తండ్రి ఆస్తి వ్యవహారాలు చూసేవాడు బావగారు కరేపిన్. నా వాటా వదులుకుంటాను, వెయ్యి రూబుళ్లు ఇప్పించండని అడిగితే, షేక్‌స్పియర్ కలలు మాని ఉద్యోగం చేసుకోమని ఆయన హితవు. షేక్‌స్పియర్ సబ్బుబుడగా అని బావమరిది మండిపడ్డాడు. కరేపిన్‌ని అందరూ తిడతారు గానీ ఆయన పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. ఫ్యోదర్‌తో కలిసి అద్దెకున్న డాక్టరు రీజెన్‌కాంఫ్ రాసినదాని ప్రకారం, ఒకసారి మాస్కో నుంచి వెయ్యి రూబుళ్లు వస్తే బాకీలకు, బిలియర్డ్స్‌కు పోయి, మర్నాడు పొద్దున్నే ఐదు రూబుళ్లు చేబదులు అడిగాడట. అలాంటివాడి చేతికి వాటా మొత్తం ఒకేసారి ఏ బావగారు ఇస్తాడు?

ఆ తర్వాత గదిలో తోడు గ్రిగరోవిచ్. ఇంజినీరింగ్ విద్యాలయంలో తెలిసినవాడే, అతనూ రచయిత కావాలనుకుంటున్నాడు. వీధుల్లో వాద్యపెట్టె తిప్పుకుంటూ అడుక్కునేవాళ్ల గురించి ఒక స్కెచ్ రాసి దొస్తయేవ్‌స్కీకి వినిపించాడు. అందులో కిటికీలోంచి ఎవరో విసిరిన నాణెం వాద్యగాడి కాళ్ల దగ్గర పడింది అని ఉంది. దొస్తయేవ్‌స్కీకి నచ్చలేదు. మరీ పొడిగా ఉంది, నాణెం రాళ్ల మీద పడి ఖంగుమంటూ ఎగిరెగిరి దొర్లాలి అన్నాడు. గ్రిగరోవిచ్‌కి ఆ ముక్క చివరిదాకా గుర్తుండిపోయింది. నాణెం కాళ్ల దగ్గర పడటం సమాచారం. అది చప్పుడు చేస్తూ దొర్లిందంటే వీధిలో అందరూ తలతిప్పి చూస్తారు, దాని వెనకాల వంగి పరుగెత్తాలి. అడుక్కునేవాడి సిగ్గంతా ఆ చప్పుడులో ఉంది.

ఆ గదిలోనే ఆ చలికాలమంతా ‘పేదజనం’ రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. ఉత్తరాల నవల. మకార్ దేవూష్కిన్ అనే ముసలి నకలు గుమాస్తా, ఎదురింట్లో కిటికీ అవతల వర్వారా అనే అనాథ పిల్ల. దేవూష్కిన్ వంటింట్లో అడ్డుకట్టిన ఒక మూల అద్దెకుంటాడు. మొదటి ఉత్తరాల్లోనే అతను టీ గురించి రాస్తాడు. టీ, చక్కెర కొనడానికి డబ్బు మిగులుతున్నందుకు సంబరపడతాడు, ఇక్కడ అందరూ ఉన్నవాళ్లు, తాగకపోతే బాగోదు, తాగేది ఇతరుల కోసమే అంటాడు. ఆరేళ్ల క్రితం తండ్రితో అన్న మాట, ఈసారి కొరుకు లేకుండా, ముసలివాడి నోట. తనని తాను క్షమించుకోవడానికి ఇంత దూరం వచ్చాడేమో అనిపిస్తుంది నాకు.

నవలలో అసలు ఘట్టం గుండీది. నకలు తీస్తూ ఒక వరస వదిలేసినందుకు దేవూష్కిన్‌ని దొరగారు పిలిపిస్తారు. గదిలోకి వెళ్లగానే అద్దంలో తన అవతారం చూసుకుంటాడు. కోటుకు దారప్పోగుతో వేలాడుతున్న గుండీ అప్పుడే తెగుతుంది, చప్పుడు చేస్తూ దొర్లుకుంటూ పోయి సరిగ్గా దొరగారి పాదాల దగ్గర ఆగుతుంది. ముసలివాడు దాని వెంట పడతాడు, అది చేతికి చిక్కదు. గ్రిగరోవిచ్‌కి చెప్పిన నాణెమే ఇది, ఇక్కడ గుండీ అయి దొర్లింది. దొరగారు మంచివాడు. వంద రూబుళ్ల నోటు చేతిలో పెట్టి, కరచాలనం చేస్తాడు. ఆ వంద కంటే ఆ చెయ్యి కలపడమే తనకు గొప్ప అని దేవూష్కిన్ వర్వారాకు రాస్తాడు. అంతకుముందు గోగోల్ ‘ఓవర్‌కోట్’ చదివి తన బతుకుని అచ్చులో బట్టబయలు చేశారని కుమిలిపోయింది కూడా ఇతనే. గోగోల్ గుమాస్తాకు చలి వేసింది. దొస్తయేవ్‌స్కీ గుమాస్తాకు చలి కంటే లోకం చూపు ఎక్కువ కోస్తుంది. రష్యన్ సాహిత్యంలో కొత్తది ఆ తేడా.

1845 మే నెలలో రాతప్రతి పూర్తయింది. గ్రిగరోవిచ్ దాన్ని కవి, సంపాదకుడు నెక్రాసోవ్ దగ్గరికి పట్టుకెళ్లాడు. పది పేజీలు చూద్దామని కూర్చున్నవాళ్లు తెల్లారేదాకా వంతులవారీగా చదివారు. చనిపోయిన విద్యార్థి శవపేటిక వెనక, జేబుల్లోంచి పుస్తకాలు బురదలో పడిపోతుండగా ముసలి తండ్రి పరుగెత్తే చోట నెక్రాసోవ్ గొంతు బొంగురుపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి, పీటర్స్‌బర్గ్‌లో చీకటి పడని ఆ రాత్రుల్లో, ఇద్దరూ వచ్చి రచయిత తలుపు గంట కొట్టి కౌగిలించుకున్నారు. మర్నాడు నెక్రాసోవ్ కొత్త గోగోల్ పుట్టాడంటూ విమర్శకుడు బెలిన్‌స్కీ దగ్గరికెళ్తే, మీకు గోగోల్‌లు పుట్టగొడుగుల్లా మొలుస్తారు అన్నాడాయన. సాయంత్రానికల్లా ఆ కుర్రాణ్ణి వెంటనే తీసుకురమ్మన్నాడు. బెలిన్‌స్కీ గుండీ ఘట్టాన్ని పట్టుకున్నాడు. ఇది జాలి కాదు, భయంకరం, ఆ కృతజ్ఞతలోనే ఉంది భయంకరమంతా అన్నాడట. విమర్శకుడంటే అలా చదవాలి.

ఆ ఇంట్లోంచి బయటికొచ్చి, వీధి మలుపులో ఆగి, ఆకాశం చూస్తూ నిలబడ్డ క్షణం తన జీవితంలోకెల్లా ఆనందమైనదని 1877లో రాశాడు. కారాగారంలో దాన్ని తలుచుకుని గట్టిపడేవాణ్ణని కూడా అన్నాడు.

ఇక్కణ్ణించి పతనం. అదీ ఎంత వేగంగా! పుస్తకం ఇంకా అచ్చు కాలేదు, అప్పటికే ప్రముఖుడు. 1845 నవంబరులో అన్నకు రాసిన ఉత్తరం చదివితే మనకే ఇబ్బందిగా ఉంటుంది. ఫలానా ప్రిన్స్ నన్ను పిలిచాడు, ఫలానా కౌంటు నాకోసం జుట్టు పీక్కుంటున్నాడు, తుర్గేనెవ్ నా మీద ప్రేమలో పడ్డాడు. ఇంతలో ఒక ధనికుల ఇంట్లో విందుకి వెళ్లి, ఒక అందగత్తెకు పరిచయం చేస్తుంటే స్పృహ తప్పి పడిపోయాడు. ఆ తుర్గేనెవే నెక్రాసోవ్‌తో కలిసి పద్యం కట్టాడు, అందులో దొస్తయేవ్‌స్కీ సాహిత్యపు ముక్కు మీద మొటిమ. ఈ రచయితలంతా కూడే పనాయెవ్‌ల ఇంట్లో అతన్ని ఆటపట్టించడం రివాజైంది. కొన్నాళ్లకు వెళ్లడం మానేశాడు.

1846 జనవరిలో ‘పేదజనం’, ఫిబ్రవరి మొదట్లో ‘ద్వితీయుడు’ అనదగ్గ రెండో నవల వచ్చాయి. గల్యాద్కిన్ అనే గుమాస్తా, పిలవని విందుకి వెళ్లి దొడ్డిమెట్ల దగ్గర నక్కి, లోపలికి చొరబడి, గెంటించుకుంటాడు. ఆ రాత్రి తడిమంచులో, ఫొంతాంకా ఒడ్డున, తనలాంటివాడే ఎదురవుతాడు. పేరూ అదే, ఊరూ అదే, మొహమూ అదే. మర్నాటికి ఎదురుబల్ల దగ్గరే ఉద్యోగంలో చేరతాడు. తాను చేయలేనివన్నీ వాడు చేస్తాడు, నవ్విస్తాడు, కాకా పడతాడు, పై అధికారుల మెప్పు పొందుతాడు. ఒక ఫలహారశాలలో గల్యాద్కిన్ కూర పెట్టిన రొట్టె ఒక్కటి తిని డబ్బివ్వబోతే, పదకొండు తిన్నారు కదండీ అంటాడు దుకాణంవాడు. తలెత్తి చూస్తే, గుమ్మంలో రెండోవాడు పదో రొట్టె ఆఖరి ముక్క నమిలి మింగుతుంటాడు. మారుమాట లేకుండా పదకొండింటికీ కడతాడు. ఈ దృశ్యం చదువుతూ నవ్వనివాడు లేడు, నవ్వాక బాగున్నవాడూ లేడు.

జనానికి విసుగొచ్చింది. సాగదీశాడన్నారు. బెలిన్‌స్కీ మొదట మెచ్చుకుంటూనే నసిగి, ఏడాది తిరిగేసరికి, ఇలాంటి వింత కల్పనలు చూసుకోవలసింది వైద్యులు, కవులు కాదు అన్న ధోరణిలో రాశాడు. ‘గృహిణి’ అనే కథ వచ్చాక అది ఘోరమైన చెత్త అని మిత్రులకు చెప్పాడు. బెలిన్‌స్కీని నేను నిందించను. పేదవాడి పక్షాన సమాజాన్ని నిలదీసే నవల కావాలి ఆయనకు. ఈ కుర్రాడు పేదవాడి లోపలికెళ్లి, అక్కడ అసూయ, ఆడంబరం, ఎక్కడ లేని పొగరు చూపిస్తున్నాడు. అణగారినవాడు మంచివాడై ఉండాలని కోరుకునే విమర్శ ఇవాళ మన దగ్గరా లేకపోలేదు, అందుకే ఈ తగువు నాకు పాతబడినట్టు అనిపించదు.

మిగిలిన మూడేళ్లు ఎడ్వాన్సులతో గడిచాయి. క్రయేవ్‌స్కీ అనే సంపాదకుడి దగ్గర ముందే తీసుకున్న డబ్బుకి కథలు రాసివ్వడం, ఆ కథ పూర్తికాకముందే మళ్లీ అప్పు. ‘శ్వేతరాత్రులు’ ఒక్కటే అందులో తేలిగ్గా ఊపిరి పీల్చినట్టుంటుంది. ‘నేతొచ్క నెజ్వానొవా’ అచ్చవుతుండగానే అరెస్టయ్యాడు. మూడో భాగం రచయిత పేరు లేకుండా వచ్చింది.

అరెస్టు కథ క్లుప్తంగా చెబుతాను, అది చాలామంది చెప్పారు. పెత్రషేవ్‌స్కీ ఇంట్లో శుక్రవారాలు కూడేవాళ్లు, భూదాసత్వం, సెన్సారు, ఫూర్యే సోషలిజం మాట్లాడుకునేవాళ్లు. వాళ్లలో స్పెష్నెవ్ అనే అందగాడైన భూస్వామి నిజంగానే రహస్య ముద్రణాలయం పెట్టాలని చూశాడు. దొస్తయేవ్‌స్కీ అతని దగ్గర ఐదువందల రూబుళ్లు అప్పు తీసుకుని, ఇక నేను అతనివాణ్ణి, నాకో మెఫిస్టఫెలిస్ దొరికాడని డాక్టరు యనోవ్‌స్కీతో వాపోయాడు. ఆశయమూ ఉంది, అప్పూ ఉంది. రెండింటినీ విడదీసి చూడటం అతని విషయంలో కుదరదు. 1849 ఏప్రిల్ 15న గోగోల్‌కి బెలిన్‌స్కీ రాసిన నిషిద్ధ లేఖను ఆ సభలో చదివి వినిపించాడు. ప్రధాన నేరారోపణ అదే. తన కల్పనల్ని వైద్యులకు అప్పజెప్పిన విమర్శకుడు, అప్పటికి దాదాపు ఏడాదిగా సమాధిలో ఉన్నవాడు, అతని మాటలు చదివినందుకే ఇతనికి మరణశిక్ష. ఏప్రిల్ 23 తెల్లవారుజామున పట్టుకెళ్లి పీటర్ పాల్ కోటలో ఎనిమిది నెలలు ఉంచారు. అక్కడా ఒక కథ రాశాడు.

మైదానం నుంచి కోటకు తిరిగొచ్చిన రోజే అన్నకు ఉత్తరం రాశాడు. చేతిలో కలం ఉండనిస్తే పదిహేనేళ్లు ఖైదైనా ఫర్వాలేదంటాడు అందులో. రెండు రోజుల తర్వాత, క్రిస్మస్ ముందు రాత్రి, దాదాపు నాలుగు కిలోల సంకెళ్లతో ఓమ్‌స్క్‌కి బయల్దేరాడు. అక్కడ నాలుగేళ్లు. తోటి ఖైదీలైన రైతులు, కులీనుడివి కదా అని అతన్ని దగ్గరికి రానివ్వలేదు. జీవితమంతా పైవాళ్ల ముందు చిన్నబోయినవాడికి కిందివాళ్ల ముందు చిన్నబోవడం అప్పుడు తెలిసింది.

చెర వీడిన తర్వాత, ఇంకా పీటర్స్‌బర్గ్‌కి తిరిగి రాకముందే, అన్నకు రాసిన ఉత్తరాల్లో గల్యాద్కిన్ మళ్లీ తేలాడు. అంత గొప్ప పాత్రను మొదట కనిపెట్టింది నేనే, ఎందుకు పోగొట్టుకోవాలి అంటాడు 1859లో. 1866లో, అంటే ‘నేరము శిక్ష’ పత్రికలో వస్తున్న ఏడాదే, ఆ పాత నవలను కత్తిరించి తిరిగి అచ్చువేశాడు. 1877 నవంబరులో, రూపం విషయంలో ఓడిపోయానని ఒప్పుకుంటూనే, అంతకంటే గంభీరమైన ఆలోచనను సాహిత్యంలోకి నేనెన్నడూ తేలేదని రాశాడు. ‘కరమజోవ్ సోదరులు’ అప్పటికి ఇంకా రాయలేదు. అది రాసినప్పుడు ఆ సోదరుల్లో ఒకడైన ఇవాన్ గదిలోకి, సోఫా మీదికి, గల్యాద్కిన్ రెండోవాడి చుట్టం ఒకడు వచ్చి కూర్చుంటాడు. మంచి దర్జీ కుట్టినదే గానీ మూడేళ్ల కిందటి ఫ్యాషన్ కోటు, కాస్త వెలిసింది. ఉన్నవాళ్ల ఇళ్లలో పడి తినే బాపతు మనిషి. తానే సైతానునంటాడు. అతని తాపత్రయమల్లా నలుగురిలో మర్యాదస్థుడనిపించుకోవాలని.